బదరీనాథ్ తప్తకుండంలో అమ్మ స్నానం: నా అనుభవం

నాయన సంవత్సరీకం అయిన మూడో రోజు, సెప్టెంబరు 6న, అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి "బదరీనాథ్ పోదాం" అంది. అక్కడి బ్రహ్మకపాలంలో తనకు పిండం పెట్టాలని నాయన బతికుండగానే చెప్పాడు. అది పెద్ద కారణం. రెండోది అమ్మ సొంత కోరిక. మా పెద్దమ్మ 2011లో కేదారనాథ్ పోయినప్పుడు గౌరీకుండంలో ఉడుకు నీళ్ళ స్నానం చేసొచ్చింది. చుట్టూ మంచు కొండలు, మధ్యలో ఎవరూ పొయ్యి పెట్టకుండానే కాగే నీళ్ళు. ఆ ముచ్చట ఆమె మా ఇంట్లో చెప్పని పండగ లేదు. 2013 జూన్ వరదల్లో ఆ కుండం కొట్టుకుపోయింది. "అది పోయినా బదరీనాథ్‌లో తప్తకుండం ఉండాది గదా" అని అమ్మ అప్పటినుంచీ అంటూనే ఉంది.

అమ్మకు 68 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగాయి. కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. బీపీకి ఏడేళ్ళుగా మాత్ర వేసుకుంటుంది. బదరీనాథ్ ఉన్నది సుమారు 3,100 మీటర్ల ఎత్తులో, అంటే పదివేల అడుగుల పైమాటే. మాది నెల్లూరు మూలాపేట. ఒక గంటలో మైపాడు సముద్రం దగ్గరికి పోగలిగిన ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం. ఆ ఎత్తు తలుచుకుంటే టెన్షన్‌తో నాకు నాలుగు రోజులు నిద్ర పట్టలేదు.

అందుకని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి కాకుండా ముందు గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు కలిపి 2,600 రూపాయలైంది. ఆయన వెళ్ళొచ్చన్నాడు, కానీ మూడు మాటలు చెప్పాడు. కొండ ఎక్కిన రోజే స్నానం వద్దు. వేడి నీళ్ళలో అయిదు నిమిషాలు దాటి ఉండొద్దు. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవొద్దు, ఎందుకంటే వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకు ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ మూడు మాటలూ ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను. రాసి పెట్టుకుని కూడా రెండో మాట తప్పాను. ఆ సంగతి చెబుతాను.

యాత్ర రిజిస్ట్రేషన్ సెప్టెంబరు 11న చేశాను. ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్‌లో ఆధార్, ఫోన్ నంబరు, ఏ రోజు ఏ క్షేత్రం అన్నది ఇస్తే క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం వస్తుంది. మాకు పైసా ఖర్చు కాలేదు. మా వీధిలోని ఒక నెట్ సెంటర్‌లో మనిషికి 500 అడిగారు. ఇంట్లో కూర్చుని అమ్మకు, నాకు, తమ్ముడికి ముగ్గురికీ చేయడానికి నాకు పట్టింది నలభై నిమిషాలు, అది కూడా ఓటీపీ రెండుసార్లు రాకపోవడం వల్ల. ఆ కాగితాలు రెండు సెట్లు ప్రింట్ తీసుకోండి. కొండల్లో సిగ్నల్ లేని చోట ఫోన్‌లో వెతుక్కోవడం కష్టం.

అక్టోబరు 4 రాత్రి నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, అమ్మా నేనూ. తమ్ముడు ఒంగోలులో ఎక్కాడు. వాడు అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. 6వ తేదీ ఉదయం ఢిల్లీ, మధ్యాహ్నం జనశతాబ్ది, రాత్రి ఎనిమిదింటికి హరిద్వార్. తెలుగువాళ్ళ సత్రంలో గది 800. ఏడో తేదీ మొత్తం ఎక్కడికీ కదలకుండా అమ్మను పడుకోబెట్టాను. ఒక రోజు వృథా అని తమ్ముడు గొణిగాడు గానీ, ముప్పై అయిదు గంటల రైలు తర్వాత ఆ రోజు లేకపోతే అమ్మ కొండ ఎక్కేది కాదు.

ఎనిమిదో తేదీ తెల్లవారి అయిదింటికి కారులో బయల్దేరాం. అయిదు రోజులకు మాట్లాడుకున్నది 23,000. డీజిల్, డ్రైవరు భోజనం అందులోనే. మాట్లాడుకునేటప్పుడే ఇది తేల్చుకోవాలి. రిషికేశ్ నుంచి బదరీనాథ్ సుమారు 300 కిలోమీటర్లు. మన హైవే లెక్కన ఆరు గంటలు అనుకుంటాం. అక్కడ రెండు రోజులకు పంచుకుంటేనే ఒంటికి సుఖం. రాత్రిపూట కొండదారిలో బండ్లు వదలరు. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసే చోటు రోడ్డు మీద నుంచే అమ్మకు చూపించాం. ఆ రెండు రంగుల నీళ్ళు చూసి అమ్మ దణ్ణం పెట్టుకుంది. రాత్రికి పీపల్‌కోటిలో ఆగాం.

తొమ్మిదో తేదీ అసలు పరీక్ష. జోషీమఠ్ దాటి, పాండుకేశ్వర్ దాటాక కొండ మీది నుంచి రాళ్ళు పడి దారి ఆగిపోయింది. 10:20కి ఆగిన బండి మళ్ళీ కదిలింది ఒంటిగంటకు. ఆ రెండు గంటల నలభై నిమిషాల్లో నాకు భయం వేసింది రాళ్ళను చూసి కాదు. అమ్మ బీపీ మాత్రతో మూత్రం ఎక్కువ పోతుంది. రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ముందూ వెనకా బండ్లు. చివరికి ముందు బస్సులోని ఆడవాళ్ళు నలుగురు చీరలు అడ్డం పట్టి నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరి భాష కూడా మాకు రాదు. ముసలివాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఒక పాత దుప్పటి, నీళ్ళ సీసా కారు డిక్కీలో కాకుండా చేతికి అందేట్టు పెట్టుకోండి. ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

రెండున్నరకు బదరీనాథ్ చేరాం. దిగగానే ఎదురుగా నీలకంఠ శిఖరం, తెల్లగా, ఎంత దగ్గరో. అమ్మకు తల బరువుగా ఉందంది. గది 2,200, గీజర్ లేదు, బకెట్ వేడినీళ్ళు 80 రూపాయలు. కుండం దాకా వచ్చేశాం, సాయంత్రమే ఒక మునక వేద్దామని తమ్ముడు అన్నాడు. డాక్టరు చెప్పిన మొదటి మాట గుర్తుచేసి ఆపాను. అమ్మకు చారన్నం కలిపి పెట్టి ఆరింటికే పడుకోబెట్టాను. రాత్రి రెండుసార్లు లేచి ఆమె ఊపిరి తీస్తున్న చప్పుడు విన్నాను.

పదో తేదీ నాలుగుంబావుకు లేచాం. ఫోన్‌లో ఒక డిగ్రీ చూపించింది. అమ్మకు రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, సాక్సులు. గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు తాగించి, తినిపించి బయటికి తెచ్చాను. ఖాళీ కడుపుతో స్నానం చేసి దర్శనం చేసుకోవాలని ఆమె పట్టు. "మాత్ర వేసుకోవాలి గదమ్మా, దేవుడేమనుకోడు" అని బతిమాలాను.

గుడి చుట్టూ మాస్టర్ ప్లాన్ పనులు జరుగుతున్నాయి. మట్టి కుప్పలు, యంత్రాలు, తాత్కాలికంగా వేసిన దారులు. చీకట్లో టార్చి లేకపోతే అమ్మ అడుగు వేయలేకపోయేది. అలకనంద వంతెన మీద గాలి ముఖానికి కోసినట్టు తగిలింది. వంతెన దాటితే గుడికి దిగువన, నదికి పైన తప్తకుండం. ముందు కనిపించేది ఆవిరి. వాసనేమీ లేదు. గుడి దీపాల వెలుతురులో ఆ ఆవిరి రంగురంగుల గోడ మీదికి పాకుతూ పోతుంటే అమ్మ చేయి నా చేతిలో బిగుసుకుంది.

మగవాళ్ళది పెద్ద కుండం. ఆడవాళ్ళకు పక్కనే విడిగా, గోడల మధ్య ఉంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు. సబ్బు వాడకూడదు. చెప్పులు బయటే విప్పాలి, అక్కణ్ణుంచి కుండం దాకా నడిచే నాలుగడుగుల రాయి మంచుగడ్డ మీద నడిచినట్టుంటుంది. బట్టలు మార్చుకునే చోటు చాలా ఇరుకు, నేలంతా తడి. మేం ఒక్క పని మంచిది చేశాం. పొడి బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన వేసుకునేవి పైన ఉండేట్టు వరసగా సర్దుకుని పోయాం. పక్కన ఒకామె స్వెట్టరు నీళ్ళలో పడిపోయి ఆ చలిలో ఏడ్చినంత పని చేసింది.

అమ్మ ముందు వేలి కొసలు ముంచి చటుక్కున తీసుకుంది.

"ఏందిమే ఇది, బియ్యం పోస్తే అన్నం ఉడికేట్టుండాది!"

నిజంగానే అంత వేడి. 45 డిగ్రీల పైనే ఉంటుందని చెబుతారు. మనం ఇంట్లో పోసుకునే వేడినీళ్ళు 40 డిగ్రీలకు అటూ ఇటూ. తేడా అయిదారు డిగ్రీలే అనుకుంటాం గానీ ఆ అయిదారు డిగ్రీలకే ఒళ్ళు కాలినట్టవుతుంది. చలికి మొద్దుబారిన పాదాలకు ఇంకా ఎక్కువ. అందరూ చేసే పొరపాటు ఒక్కసారిగా దిగడం. మాకు దారి చూపించింది అక్కడ స్నానం చేస్తున్న ఒక రాజస్థానీ పెద్దావిడ. మాటల్లేకుండా సైగలతోనే చెప్పింది. ముందు గట్టు మీద కూర్చుని చెంబుతో పాదాల మీద, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత భుజాల మీద పోసుకోవాలి. పది చెంబులయ్యాక దిగాలి. నీళ్ళు వచ్చి పడే వైపు కాకుండా, దూరంగా ఉన్న మూలకు దిగాలి. అక్కడ వేడి కొంచెం తగ్గుతుంది. చెంబు తీసుకుపోండి, అక్కడ దొరుకుతుందనుకోవద్దు.

చెంబుతో అమ్మ మోకాళ్ళ మీద పోస్తుంటే నాకు మా పాత ఇంటి దొడ్డి గుర్తొచ్చింది. నా ఇద్దరు పిల్లల పురుళ్ళకూ అమ్మే నీళ్ళు పోసింది. జామాయిల్ పుల్లలు ఎగదోసి, కాగులో వావిలాకు వేసి, నీళ్ళు పచ్చగా మారేదాకా కాచి, నడుం మీద ఎత్తి పోసేది. తాళలేక నేను అరిస్తే "ఇప్పుడు ఓర్చుకుంటే ముసలితనంలో నడుం పట్టదు" అనేది. ఆమె మోకాళ్ళకు అలా ఎవరూ ఎప్పుడూ పోయలేదు. తన పురుళ్ళప్పుడు మా అమ్మమ్మ లేదు. ఈ మాట అమ్మ ఆ కుండం గట్టు మీద కూర్చుని మొదటిసారి నాతో చెప్పింది. నలభై నాలుగేళ్ళు వచ్చిన నాకు అది తెలియదు.

తర్వాత దిగాం. నడుము లోతు నీళ్ళు. మొదటి నిమిషం పళ్ళు బిగబట్టాం. రెండో నిమిషానికి అమ్మ ముఖం మారిపోయింది. కళ్ళు మూసుకుని, గోడకు ఆనుకుని, నీళ్ళలో మోకాళ్ళు మడిచి కూర్చుంది. ఆమె అలా మోకాళ్ళు మడవడం చూసి ఎన్నేళ్ళయిందో. "నొప్పి లేదు, ఎక్కడా లేదు" అంది. లేపడానికి నాకు మనసు రాలేదు. అక్కడే తప్పు చేశాను. నాయన పేరు చెప్పుకుని మూడు మునకలు, నా కోసం మూడు, తమ్ముడి పిల్లల కోసం మూడు. తీరా చూస్తే పన్నెండు నిమిషాలైంది.

మెట్టు ఎక్కి నిలబడిన వెంటనే "కళ్ళు చీకట్లు కమ్మతన్నాయి" అంటూ అమ్మ నా మీదికి ఒరిగిపోయింది. ఆ బరువు ఇప్పటికీ నా భుజం మీద ఉన్నట్టే ఉంది. అరవబోతే గొంతు పెగల్లేదు. రాజస్థానీ ఆవిడే అమ్మ చంకల కింద చేతులు వేసి గట్టు మీద పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంకొకామె తన శాలువా తెచ్చి కప్పింది. మూడు నాలుగు నిమిషాలు. అమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. ఫ్లాస్కులో ఉన్న గోరువెచ్చని నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి గుక్కగుక్కగా పట్టాను. ఆ ఫ్లాస్కు తెచ్చింది కాఫీ కోసం. తమ్ముడు బయట నిలబడి ఉన్నాడు, లోపల ఏం జరిగిందో వాడికి తెలియదు. ఆడవాళ్ళ వైపు ఇద్దరు తోడు ఉండాలని నాకు అప్పుడు అర్థమైంది. ఒకరు నీళ్ళలో, ఒకరు గట్టు మీద పొడి బట్టలతో. అమ్మలాంటి వాళ్ళను ఒక్క మనిషి చూసుకోవడం సాధ్యం కాదు.

ఆ తడిలోనే ఆమెను ముందు తల తుడిచి, టోపీ పెట్టి, తర్వాత మిగతా బట్టలు మార్చాను. ఆశ్చర్యమేమిటంటే బయటికి వచ్చాక చాలాసేపు చలి తెలియలేదు. ఒంట్లోంచే వేడి వస్తున్నట్టుంది. అది నమ్మి స్వెట్టరు చేత్తో పట్టుకుని తిరిగేవాళ్ళను చూశాను. అరగంటలో ఆ వేడి పోయి చలి ఒక్కసారిగా పట్టుకుంటుంది. తమ్ముడికి అలాగే అయింది, మధ్యాహ్నానికి ముక్కు కారడం మొదలైంది.

దర్శనానికి గంటా యాభై నిమిషాలు పట్టింది. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి లైన్లో నేను నిలబడ్డాను, దగ్గరికి వచ్చాక పిలిచాను. వెనకవాళ్ళు ఒక్కమాట అనలేదు. పద్మాసనంలో ఉన్న ఆ నల్లని మూర్తి ముందు నిలబడింది ఎన్నో క్షణాలు కాదు. అమ్మ ఏం మొక్కుకుందో అడగలేదు.

తొమ్మిదిన్నరకు బ్రహ్మకపాలం. గుడి నుంచి నదిని పట్టుకుని కొంచెం దూరం నడిస్తే వస్తుంది. తెలుగు మాట్లాడగలిగిన పండా, అంటే అక్కడి పురోహితుడు, దొరికాడు. అన్నీ కలిపి 3,100 అని ముందే మాట్లాడుకున్నాం, మళ్ళీ పైన అడగలేదు. వండిన అన్నంతో పిండాలు పెట్టారు. తమ్ముడు నాయన పేరు, గోత్రం చెబుతుంటే గొంతు ఆగిపోయింది. పక్కన అలకనంద హోరు ఎంత గట్టిగా ఉందంటే, మా ఏడుపు మాకే వినపడలేదు. ఇక్కడ పెట్టాక ఇంక ఎక్కడా పిండం పెట్టక్కర్లేదంటారు. మా ఇళ్ళలో తద్దినం మాత్రం మానరు. ఈ విషయం మీ ఇంటి పెద్దలతో బయల్దేరే ముందే మాట్లాడుకోండి. అక్కడ నిలబడి వాదించుకుంటున్న ఒక కుటుంబాన్ని చూశాం.

అమ్మ మోకాళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కుండంలోంచి వచ్చాక సాయంత్రం నాలుగింటిదాకా ఆమె నొప్పి అనలేదు. గదికి వంతెన మీదుగా నడిచే వచ్చింది. రాత్రికి నొప్పి మళ్ళీ వచ్చింది, ఎప్పటిలాగే. ఆ నీళ్ళకు రోగాలు పోతాయని చెప్పేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. పదకొండు గంటలు నొప్పి లేకుండా ఉండటం మాత్రం మేం కళ్ళారా చూశాం, అమ్మకు అదే పెద్ద వరం.

పదకొండో తేదీ ఉదయం ఆమె మళ్ళీ వెళ్దామంది. నేను వద్దన్నాను. పెద్ద గొడవ. చివరికి నీళ్ళలో దిగకుండా గట్టు మీద కూర్చుని కాళ్ళు మాత్రమే పెట్టేట్టు ఒప్పందం. ఫోన్‌లో అయిదు నిమిషాలకు అలారం పెట్టాను. మోగగానే తీసేసింది. పది నిమిషాలు అక్కడే కూర్చోబెట్టి, ఆ తర్వాత నా భుజం పట్టించి లేపాను. ఏమీ కాలేదు. మొదటి రోజే ఇలా చేసి ఉంటే అని నాకు ఇప్పటికీ బాధ.

ఆ మధ్యాహ్నం జోషీమఠ్ దిగాం. ఇళ్ళ గోడల మీద పగుళ్ళు, 2023 జనవరిలో నేల కుంగినప్పటివి, డ్రైవరు చూపించాడు. అక్కడి నుంచి మలారీ దారిలో పదిహేను కిలోమీటర్లు పోతే తపోవన్. అక్కడ కూడా వేడి నీటి బుగ్గలున్నాయి, యాత్రికులు పెద్దగా పోరు. గంధకం వాసన గట్టిగా వచ్చింది. అమ్మకు ఆ వాసన పడలేదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. చేయి పెట్టలేనంత వేడి. 2021 ఫిబ్రవరి 7న వరద వచ్చిన ధౌలీగంగ లోయ ఇదే, కరెంటు ప్రాజెక్టు సొరంగంలో మనుషులు చిక్కుకుపోయింది ఇక్కడే. డ్రైవరు ఆ మాట చెప్పి చాలాసేపు మౌనంగా ఉన్నాడు.

నిప్పు లేకుండా ఈ నీళ్ళు ఎట్లా కాగుతున్నాయని అమ్మ తమ్ముణ్ణి అడిగింది. అగ్నిపర్వతాలేమీ లేవు, వాననీళ్ళు, మంచునీళ్ళు రాళ్ళ పగుళ్ళలోంచి చాలా లోతుకు పోతాయి, కిందికి పోయేకొద్దీ రాయి వేడిగా ఉంటుంది, ఆ వేడికి కాగి ఇంకో పగులు పట్టుకుని పైకి వస్తాయి అని వాడు చెప్పాడు.

"అయితే భూదేవి నీళ్ళ పొయ్యి ఎప్పుడూ ఆరదన్నమాట" అంది అమ్మ.

పన్నెండు రాత్రికి హరిద్వార్, పధ్నాలుగున ఢిల్లీలో రైలు, పదహారు తెల్లవారుజామున నెల్లూరు. ఖర్చు ముగ్గురికీ కలిపి 66,000 అయింది. అందులో రైళ్ళు 17,400, కారు 23,000, గదులు 10,900, తిండీ చిల్లర ఖర్చులు 9,000, బ్రహ్మకపాలం 3,100, ముందు చేయించిన పరీక్షలు 2,600.

ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం పెద్దమ్మ కావలి నుంచి ఫోన్ చేసింది. అమ్మ స్పీకర్లో పెట్టి నలభై నిమిషాలు చెప్పింది. పద్నాలుగేళ్ళుగా వింటూ వచ్చిన మనిషి మొదటిసారి చెబుతోంది. కళ్ళు తిరిగిన సంగతి చెప్పొద్దని నాకు సైగ చేసింది. నేనే ఫోన్ తీసుకుని ఆ సంగతి మొత్తం చెప్పాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత పెద్దమ్మ అడిగింది: "ఆ దిగే మెట్లు ఎత్తుగా ఉండాయా? పట్టుకోను ఏమన్నా ఉండాదా?"